చూసినది చూసినట్లు



గత నెల ఒక నికాహ్ నిమిత్తం హిందూపురం వెళ్ళి, మరునాడు మధ్యాహ్నం రైలులో ధర్మవరానికి తిరిగి వస్తున్నాను. ఎదుటి బల్ల మీద కూర్చున్న యువకుడు నన్ను చూసి లేచి సలాం చేశాడు. పదిహేను, పదహారేళ్ళ క్రితం నా దగ్గర నాజిరా చదివినవాడు. ఇప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగి. పక్కన భార్య, ఆమె ఒడిలో నాలుగేళ్ళ కూతురు. పాపకు పుట్టుకతోనే వినికిడి లేదట. ధర్మవరంలో బండి మారి, పరీక్షల కోసం సికింద్రాబాదుకు తీసుకువెళుతున్నారు. పిల్ల తల్లి కాగితాల సంచి తెరచి, పోయినసారి అక్కడ ఇచ్చిన చీటీని నా చేతికి ఇచ్చింది. దాని తలభాగాన సంస్థ పేరు అచ్చయి ఉంది.

"హజ్రత్, ఈ అలీ యావర్ జంగ్ ఎవరండీ? చెవుల డాక్టరా?" అని అడిగింది.

"కాదమ్మా, ఆయన వైద్యుడు కాదు. ఒకప్పుడు నిజాం ప్రభుత్వంలో అధికారి. తరువాత మన దేశానికి రాయబారి" అన్నాను.

మాట ముగియకముందే ఆ యువకుడు గొంతు తగ్గించి తన గోడు చెప్పుకున్నాడు. "హజ్రత్, నేనూ ఒక మాట అడగాలి. చెరువు పోరంబోకులో గోడ లేచింది. నేను స్వయంగా వెళ్ళి చూశాను. అక్కడ ఏమీ లేదని నివేదిక రాయమంటున్నారు. రాస్తే తప్పు. రాయకపోతే ఎక్కడికో బదిలీ. పాప వైద్యం నడుస్తున్నది. ఏం చేయమంటారు?"

అప్పుడే పెనుకొండ స్టేషను దాటుతున్నాము. కిటికీలో కోట కొండ కనబడుతున్నది. అంత పెద్ద ప్రశ్నకు రైలు పెట్టెలో, పదిమంది నడుమ జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. "ఆలోచించి చెబుతాను బేటా" అని ధర్మవరంలో దిగిపోయాను. ఇంటికి వచ్చిన తరువాత తోచినదేమంటే, భార్య అడిగిన ప్రశ్నకూ భర్త అడిగిన ప్రశ్నకూ జవాబు ఒకే చోట ఉన్నది. ఈ నెల శీర్షికను అందుకే కేటాయిస్తున్నాను.

ముందుగా మన నేల సంగతి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉన్న ఈ ప్రాంతాన్ని 1800లో నిజాం నవాబు ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా ఇచ్చిన సీమ గనుక దీనికి దత్త మండలాలు అనే పేరు వచ్చింది. అప్పటి నుండి అటు హైదరాబాదులో నిజాం కొలువు, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ కలెక్టర్ల పాలన. ఒకే భాష మాట్లాడే ప్రజలు నూటయాభై ఏళ్ళకు పైగా రెండు కచేరీల కింద బతికారు.

మద్రాసు ప్రెసిడెన్సీ పాలన ఐ.సి.ఎస్. అనే ఉద్యోగ వర్గం చేతిలో ఉండేది. దేశం మొత్తానికీ కలిపి సుమారు వెయ్యి మంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ యువకుడు ఇంగ్లండులో పరీక్ష నెగ్గి ఓడ దిగేవాడు. ఇక్కడి భాషలో పరీక్ష రాసి, పెనుకొండ వంటి ఊళ్ళలోని సబ్ కలెక్టరు కచేరీలో పని నేర్చుకొనేవాడు. జమాబందీ, కరవు, చెరువు కట్టలు, భూమి తగాదాలు. ఆ పని అంతటికీ మూలం ఒక్కటే: వెళ్ళడం, చూడడం, చూసినదాన్ని పైకి రాయడం. మద్రాసులో కూర్చున్న ప్రభుత్వానికి పొలం గట్టు కనబడదు. కనబడేది ఆ యువకుడి కాగితం మాత్రమే. ఆ పాలన మన మీద బలవంతంగా రుద్దినదే. అయితే దాని కళ్ళు ఏ విధంగా పని చేసేవో ఎరుగుట మంచిది.

అలా మద్రాసు ప్రెసిడెన్సీకి 1929లో ఐ.సి.ఎస్. అధికారిగా వచ్చినవారిలో హంఫ్రీ ట్రెవెల్యన్ ఒకరు. 1905లో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివారు. కొన్నేళ్ళ తరువాత సంస్థానాల వ్యవహారాలు చూసే రాజకీయ శాఖకు మారి, 1947 వరకు భారతదేశంలోనే పని చేశారు.

మరుసటి సంవత్సరం, 1906లో, హైదరాబాదులో అలీ యావర్ జంగ్ జన్మించారు. బిల్‌గ్రామీ వంశపు విద్యావంతుల ఇల్లు. తల్లి తయ్యబా బేగం డిగ్రీ పట్టా పొందిన తొలి తరం ముస్లిం మహిళలలో ఒకరు. ఆడపిల్ల చదువు పడికట్టు దాటరాదని పెద్దలు అనుకొనే రోజులలో ఆ తల్లి ఉర్దూలో నవలలు రాశారు. అలీ యావర్ జంగ్ ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు. తరువాత నిజాం ప్రభుత్వంలో చేరి పెద్ద పదవులకు ఎదిగారు. నిజాం పేరుకు రాజు. ఆయనపైన బ్రిటిష్ రెసిడెంటు నీడ ఎల్లప్పుడూ ఉండేది. కనుక ఈ ఇద్దరూ, ఒకరు నేరుగా, మరొకరు చాటుగా, ఒకే సామ్రాజ్యపు యంత్రంలో పని చేసినవారే.

1947 వచ్చింది. ఆ యంత్రం ఆగిపోయింది. పరాయి పాలనలో పని నేర్చిన అధికారులు ఇప్పుడేం కావాలి? భారతీయ ఐ.సి.ఎస్. అధికారులు అనేకులు కొత్త ప్రభుత్వంలో కొనసాగారు. మద్రాసు ప్రెసిడెన్సీలోనే పని చేసిన కె.పి.ఎస్. మీనన్ 1948లో స్వతంత్ర భారతపు తొలి విదేశాంగ కార్యదర్శి అయ్యారు. తిరిగి వెళ్ళిన ఆంగ్లేయులలో కొందరు తమ దేశపు విదేశాంగ సేవలో చేరారు. ట్రెవెల్యన్ అటువంటివారు. బాగ్దాదు, జర్మనీ, పెకింగు నగరాలలో, దేశాలలో పని చేసి, 1955లో రాయబారిగా కైరో చేరారు.

అలీ యావర్ జంగ్ దారి మరింత కఠినమైనది. 1947లో నిజాం తరపున ఢిల్లీతో చర్చలు జరిపిన బృందంలో ఛత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్ వంటివారితో పాటు ఆయన కూడా ఉన్నారు. చుట్టూ భారతదేశం ఉండగా, సముద్రపు దారి లేని రాజ్యం ఒంటరిగా నిలువదని, కాలం మించకముందే గౌరవప్రదమైన ఒప్పందానికి రావాలని భావించినవారి పక్షం ఆయనది. ఆ మాట వినడానికి వీధులు సిద్ధంగా లేవు. ఆ ఏడాది అక్టోబరులో, బృందం ఢిల్లీకి బయలుదేరవలసిన వేళ, రజాకార్ల గుంపు ఆ పెద్దల ఇండ్లను చుట్టుముట్టింది. ప్రయాణం ఆగిపోయింది. అలీ యావర్ జంగ్ ఆ సంవత్సరమే ప్రభుత్వ పదవిని వదులుకున్నారు.

తరువాత జరిగినది మన పెద్దలకు తెలుసు. 1948 సెప్టెంబరులో కొద్ది రోజుల సైనిక చర్యతో ఆ రాజ్యం ముగిసింది. రజాకార్ల దౌర్జన్యాలకు గురైనవారు సామాన్యులే. సైనిక చర్య వెనువెంట జిల్లాలలో జరిగిన ప్రతీకార హింసలో ప్రాణాలు, ఇండ్లు పోగొట్టుకున్న ముస్లిం కుటుంబాలవారూ సామాన్యులే. మంచిమాట చెప్పినవాడిని తరిమివేసిన కోటకు మూల్యం చెల్లించేది కోటలోని వారు కాదు, గుడిసెలలోని వారు. ఆ హింసను పరిశీలించేందుకు నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ మున్నగువారిని పంపింది. వారు ఊరూరా తిరిగి, చూసినది చూసినట్లు నివేదికలో రాశారు. ప్రభుత్వం దానిని దశాబ్దాల పాటు ప్రచురించలేదు. అయినా ఆ కాగితం బతికే ఉన్నది. నేడు పరిశోధకులు దానిని చదువుతున్నారు.

సైనిక చర్య అనంతరం అలీ యావర్ జంగ్ ఉస్మానియా విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరుగా పని చేశారు. 1952లో అర్జెంటీనాకు, 1954లో ఈజిప్టుకు భారత రాయబారిగా వెళ్ళారు. ఆ విధంగా ఒకప్పుడు నిజాం పాలించి, మద్రాసుకు వదులుకున్న మన నేలకు అటు ఒకరు, ఇటు ఒకరు అన్నట్లున్న ఈ ఇద్దరు అధికారులు 1955లో నైలు నది ఒడ్డున ఒకే నగరంలో రాయబారులయ్యారు. ఒకరు వెళ్ళిపోతున్న సామ్రాజ్యానికి, మరొకరు దాని నుండి బయటపడిన దేశానికి.

ఇక్కడ ఒక చిన్న విశేషం. బళ్ళారి నుండి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరచిన సంవత్సరం 1882. బ్రిటిష్ సైన్యం ఈజిప్టును ఆక్రమించిన సంవత్సరం కూడా అదే. అలెగ్జాండ్రియాలో దిగిన ఆ సైన్యంలో చివరి జట్టు కాలువ ప్రాంతాన్ని విడిచి వెళ్ళినది 1956 జూన్‌లో. అరవై కాదు, డెబ్బై నాలుగేళ్ళు.

ఆ సైన్యం వెళ్ళిన ఆరు వారాలకు, జూలై 26న, అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేస్తున్నట్లు ప్రకటించారు. ఆ కంపెనీలో బ్రిటిష్ ప్రభుత్వానికి నూటికి 44 వంతుల వాటా. లండనులో ప్రధాని ఆంథొనీ ఈడెన్ మండిపడ్డారు. ఆగస్టులో లండనులో 22 దేశాల సమావేశం జరిగింది. 18 దేశాలు కాలువను అంతర్జాతీయ అజమాయిషీ కింద ఉంచాలన్నాయి. భారతదేశం, ఇండోనేషియా, సిలోను, సోవియట్ యూనియన్ అంగీకరించలేదు. ఈజిప్టు హక్కును మన్నిస్తూనే, ఓడల రాకపోకలకు హామీ లభించే మధ్యేమార్గం కోసం భారతదేశం పాటుపడింది. ఆ రోజులలో కైరోలో నాసర్ మనసు తెలుసుకొని ఢిల్లీకి చేరవేయవలసిన బాధ్యత అలీ యావర్ జంగ్‌ది. నెహ్రూ ఆ సమాచారాన్ని కోరుకున్నారు, అందుకున్నారు, విన్నారు.

అదే నగరంలో ట్రెవెల్యన్ పరిస్థితి వేరు. ఆయన ప్రభుత్వం ఆయనను అడగడం మానుకున్నది. అక్టోబరు 24న పారిస్ శివారులోని సెవ్ర్ అనే చోట బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ ప్రతినిధులు ఒక రహస్య పత్రం మీద సంతకాలు చేశారు. దాని ప్రకారం ఇజ్రాయెల్ ఈజిప్టుపై దాడి చేస్తుంది. పోరును ఆపే పెద్దమనుషులవలె బ్రిటన్, ఫ్రాన్సు ప్రవేశించి కాలువను పట్టుకుంటాయి. ఈ ఏర్పాటు గురించి కైరోలో ఉన్న తమ రాయబారికి ఒక్క మాట చెప్పలేదు. 29న దాడి మొదలైంది. 30న బ్రిటన్ తుది హెచ్చరిక ఇచ్చింది. 31న బాంబులు పడ్డాయి. తన ప్రభుత్వం ఏం చేయబోతున్నదో తెలియకుండా, ఆ ప్రభుత్వం తరపున జవాబు చెప్పవలసిన స్థితి ఆ రాయబారిది. మద్రాసు ప్రెసిడెన్సీలో "వెళ్ళి చూసి రాయి" అని నేర్పిన సామ్రాజ్యమే, చివరి ఘడియలో, తాను పంపిన కంటికి తానే గంత కట్టింది.

నవంబరు 1న ఈజిప్టు బ్రిటన్‌తో సంబంధాలు తెంచుకుంది. సోదరులారా, ఆ తేదీని గమనించండి. 1956 నవంబరు 1. ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజు. 1800లో విడిపోయిన మన సీమ, హైదరాబాదు మళ్ళీ ఒకే రాష్ట్రంలో చేరినది ఆ రోజే. మనవారు సభలు జరుపుకుంటున్న వేళ, హైదరాబాదు బిడ్డ ఒకరు కైరోలో విమానాల మోత వింటున్నారు.

నవంబరు 6వ తేదీ అర్ధరాత్రికి పోరు ఆగింది. అమెరికా ఒత్తిడి, ఐక్యరాజ్యసమితి తీర్మానం, పౌండు విలువ పతనం, ఇవన్నీ కలిసి ఆ సాహసాన్ని ముగించాయి. డిసెంబరు 22 నాటికి చివరి బ్రిటిష్, ఫ్రెంచి సైనికులు వెళ్ళిపోయారు. శాంతిని కాపాడేందుకు వచ్చిన ఐక్యరాజ్యసమితి దళంలో భారత సైనికులు ఉన్నారు.

డిసెంబరు 20న పార్లమెంటులో ఈడెన్‌ను సూటిగా ప్రశ్నించగా, ఇజ్రాయెల్ దాడి చేస్తుందని తమకు ముందుగా తెలియదని జవాబిచ్చారు. సెవ్ర్ పత్రపు బ్రిటిష్ ప్రతిని అప్పటికే మాయం చేయించారు. అయితే కాగితం ఒక్క ప్రతిగా ఉండదు. ఇజ్రాయెల్ దగ్గర ఉన్న ప్రతి నిలిచింది, నలభై ఏళ్ళకు లోకానికి వెల్లడైంది. ఈడెన్ మాత్రం 1957 జనవరిలోనే, అనారోగ్యం కారణంగా, పదవి వదిలారు. ఆయన ప్రభుత్వంలోనే ఆంథొనీ నటింగ్, ఎడ్వర్డ్ బాయిల్ అనే ఇద్దరు సహాయ మంత్రులు ఆ యుద్ధాన్ని సమర్థించలేక రాజీనామా చేశారు. ట్రెవెల్యన్ ఉద్యోగంలో కొనసాగారు. 1958 చివర, విప్లవం జరిగిన బాగ్దాదుకు రాయబారిగా, తరువాత మాస్కోకు వెళ్ళారు. పదవీ విరమణ చేసిన ఆయనను 1967లో మళ్ళీ పిలిచి ఆడెన్‌కు చివరి హై కమిషనరుగా పంపారు. 1839లో బ్రిటన్ పట్టుకొని, 1937 దాకా భారతదేశంలో భాగంగా పాలించిన రేవు అది. అక్కడ ఆయనకు అప్పగించిన పని ఒక్కటే: పోరు నడుమ సైన్యాన్ని క్షేమంగా బయటకు తేవడం. నవంబరు 30న ఆ దేశం స్వతంత్రమైంది. మద్రాసులో సామ్రాజ్యపు తలుపు కాపలాతో మొదలైన ఉద్యోగ జీవితం, ఆడెన్‌లో ఆ తలుపు మూసి తాళంచెవి ఇచ్చి రావడంతో ముగిసింది.

అలీ యావర్ జంగ్ ఈజిప్టు తరువాత యుగోస్లావియా, గ్రీసు, ఫ్రాన్సు దేశాలలో పని చేసి, 1965లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు అయ్యారు. అక్కడ చదివిన విద్యార్థులకే పై చదువులలో కేటాయించిన ప్రవేశాలను నూటికి 75 నుండి 50కి తగ్గించడంపై ఆందోళన చెలరేగింది. ఏప్రిల్ 25న విద్యార్థుల గుంపు ఆయనను తీవ్రంగా గాయపరచింది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నదానిపై, ఆ తరువాత ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుపై మన పెద్దలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నేను ఆ తగాదాలోకి పోను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చదువు చెబుతున్నవాడిగా ఒక్క మాట: గురువుతో వాదించవచ్చును, గురువుపై చేయి ఎత్తరాదు. ఆయన కోలుకొని 1968 వరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. తరువాత అమెరికాలో రాయబారి, 1971 నుండి మహారాష్ట్ర గవర్నరు. ఆ పదవిలో ఉండగానే 1976 డిసెంబరులో కన్నుమూశారు. 1983లో ముంబయిలో స్థాపించిన జాతీయ శ్రవణ వైకల్య సంస్థకు ఆయన పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రమే సికింద్రాబాదులో ఉన్నది. అమ్మా, నీ చేతిలోని చీటీ మీది పేరు సంగతి ఇది.

ఇక నీ ప్రశ్న, బేటా.

ఈ ఇద్దరూ వలీలు కారు. ఇద్దరూ పరాయి సామ్రాజ్యపు నీడలో ఎదిగినవారే. అయితే వారి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విభజన స్పష్టమవుతుంది. నిర్ణయం వేరు, సాక్ష్యం వేరు. నిర్ణయం పైవారిది. చెరువులోని గోడను కూల్చాలా, నోటీసు ఇవ్వాలా, జరిమానా వేయాలా అన్నది వారు తేల్చుకుంటారు. వారి నిర్ణయం నీకు నచ్చకపోయినా ఉద్యోగంలో ఉండవచ్చు. నిర్ణయం తప్పయితే దాని లెక్క వారు ఇచ్చుకుంటారు. గోడ ఉన్నదా లేదా అన్నది నిర్ణయం కాదు, సాక్ష్యం. అది నీ కంటికి అప్పగించిన అమానతు. పైఅధికారికి దానిని పక్కన పెట్టే అధికారం ఉండవచ్చు, నీ చేత మార్పించే అధికారం లేదు.

కనుక వెళ్ళిన తేదీ, చూసిన చోటు, సర్వే నంబరు, గోడ పొడవు ఉన్నవి ఉన్నట్లు రాయి. ఎవరినీ నిందించవద్దు, ఊహలు కలపవద్దు. మార్చమంటే, ఆ ఆదేశాన్ని కాగితం మీద ఇవ్వమని వినయంగా అడుగు. నీ నివేదిక నకలు నీ దగ్గర ఉంచుకో. పంపిన కాగితాన్ని వారు అటకెక్కించవచ్చు, చించివేయవచ్చు. సుందర్‌లాల్ నివేదికను దాచారు, సెవ్ర్ పత్రాన్ని మాయం చేశారు. రెండూ బయటికి వచ్చాయి. పైగా చెరువు సంగతి చరిత్రకారుల కోసం ఆగదు. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, నీటికి అడ్డమైన గోడ ఎక్కడున్నదో ఊరందరికీ తెలుస్తుంది. ఆనాడు మునిగే ఇళ్ళు నివేదిక మార్పించినవారివి కావు.

బదిలీ భయం చిన్నది కాదని నాకు తెలుసు. చెవిటి పాపను తీసుకొని ఊరు మారడం మాటలు కాదు. అందుకే ఈ మాట అతడికి మాత్రమే కాదు, ఇంట్లోని వారందరికీ చెబుతున్నాను. ఉద్యోగి నిజం రాయగలగడం అతడి ధైర్యం మీదనే ఆధారపడదు. "ఏమైనా కానీ, మనం సర్దుకుందాం" అనే భార్య, "మా ఇంటికి వచ్చి ఉండండి" అనే అన్నదమ్ములు, ఆసుపత్రి ప్రయాణానికి తోడు వచ్చే మేనమామ, ఛార్జీలకు చేయి చాచే మొహల్లా పెద్దలు ఉంటే అతడి కలం వణకదు. కొడుకు జీతం పెరగలేదని, పక్కింటివారు మేడ కట్టారని ఇంట్లో ప్రతి రాత్రి గుర్తుచేస్తే, ఆ కలం ఎంత దృఢమైనదైనా వంగుతుంది. అబద్ధపు నివేదికలలో సగం మన వంటిళ్ళలోనే తయారవుతాయి.

అతడు ఏం రాశాడో నాకు ఇంకా తెలియదు. ఫోను చేసి అడగలేదు, అడగను. రైలు దిగేటప్పుడు ఆ పాప కిటికీ ఊచకు చెంప ఆనించి, బండి అదురును వింటున్నట్లు నవ్వుతూ ఉన్నది. ఆ బిడ్డకు అల్లాహ్ వినికిడిని ప్రసాదించుగాక. ఆమె తండ్రి కలానికి స్థైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.